సంకల్పంలో ఏ ఊరు చెప్పాలి?

వరంగల్, హనుమకొండ, కాజీపేట ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఈ నగరంలో పిల్లలకు అమెరికా గురించి సాంఘికశాస్త్రం పుస్తకం కన్నా ముందే తెలుస్తుంది. వీధిలో ఎవరి కొడుకో డాలస్‌లో ఉంటాడు, ఎవరి కూతురో న్యూజెర్సీ నుంచి ఫోన్ తెరమీద పలకరిస్తుంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, అంటే నేటి ఎన్‌ఐటీ, ఇక్కడే ఉంది కనుక ఆ దారి ఈ ఊరికి కొత్తది కాదు. అక్కడ మంచు ఎట్లా పడుతుంది, మనకు పగలైతే వాళ్ళకు రాత్రెందుకు అని అడిగిన పిల్లవాడే పెద్దయ్యాక చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, వీసా వస్తే 108 చేస్తానని మొక్కుకుంటాడు. కొన్నేళ్ళకు ఆ దేశమే అతని ఇల్లవుతుంది. దీని గురించి మనం సంపాదన లెక్కల్లోనో, ముసలి తల్లిదండ్రుల దిగుళ్ళలోనో మాట్లాడుకుంటాం. అంతగా అడగని ప్రశ్న ఒకటుంది: చిన్ననాడు కుతూహలంగా చూసిన పరాయి నేల ధర్మం దృష్టిలో ఎప్పటికైనా సొంత నేల అవుతుందా, లేక ఎన్నేళ్ళున్నా విడిది ఇల్లేనా?

కాదనేవారి వాదం బలహీనమైనదేమీ కాదు. కర్మభూమి భరతవర్షమేననీ, మిగిలినవి భోగభూములనీ విష్ణుపురాణం రెండో అంశం చెబుతుంది. అంటే మిగతా చోట్ల పుణ్యఫలం అనుభవించవచ్చు గానీ కొత్తగా సంపాదించుకోలేం. బోధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువుల్లో లెక్కకట్టింది. ఈ లెక్కన దూరదేశం మీద పిల్లవాడి కుతూహలం భోగభూమి మీది ఆశకు మొలక మాత్రమే. వలసను ఎంత పొగిడినా ఈ అభ్యంతరం పోదు. ఆ దేశం గురించి మన ఇళ్ళలో మొదట చెప్పుకునేవి రోడ్లు, కార్లు, జీతాలు కనుక ఇది కొంత నిజం కూడా.

అయితే ఆ గ్రంథాలనే పక్కపక్కన పెట్టి చదివితే సరిహద్దు కదులుతూ కనిపిస్తుంది. సముద్రయానం ఉత్తరాదివారి ఆచారాల్లో ఒకటని బోధాయనుడే మరోచోట అంటాడు. నిషేధం రాసేనాటికే ఓడలెక్కేవారు ఎక్కుతున్నారన్నమాట. వంగ, కళింగ దేశాలకు వెళ్ళివచ్చినవాడు శుద్ధి కోసం యాగం చేయాలని కూడా ఆయనే విధించాడు. మరి 13వ శతాబ్దంలో ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడికి శైవదీక్ష ఇచ్చిన విశ్వేశ్వర శంభువు ఏ దేశంవాడు? గౌడదేశపు రాఢ ప్రాంతం, అంటే నేటి బెంగాల్. ఒకనాడు వెళ్ళొస్తేనే మైల అనుకున్న దిక్కు నుంచి వచ్చినవాడు కాకతీయ చక్రవర్తికి గురువయ్యాడు. బెంగాల్ సముద్రం అవతల లేదు కదా అనవచ్చు. నిజమే. కానీ బోధాయనుడి గీత సముద్రం దగ్గర కాదు, కళింగం దగ్గరే ఆగింది. ఆ గీత చెరిగినప్పుడు తర్వాతి గీత ఎందుకు శాశ్వతం కావాలి? మనుస్మృతికి వ్యాఖ్య రాసిన మేధాతిథి ఇంకా ముందుకు వెళ్ళాడు. నేల తనంతట తాను అపవిత్రం కాదనీ, సదాచారుడైన రాజు మ్లేచ్ఛదేశాన్ని గెలిచి ధర్మం నిలిపితే అదీ యజ్ఞానికి తగినదవుతుందనీ అన్నాడు. గెలవడం అన్న మాట ఈ రోజుల్లో మనకు పనికిరాదు, పనికిరాకూడదు కూడా. దోషం మట్టిలో లేదన్న మాట మాత్రం పనికొస్తుంది.

అట్లయితే పరాయి నేలను సొంతం చేసేదేమిటి? చిన్ననాటి మోజు కాదు. బర్మాలో కోరంగీలని పిలిపించుకున్న తెలుగు కూలీలు ఏ కలలు కని రేవు దాటారు? వాళ్ళను తోలింది పేదరికం. అయినా రంగూన్ వాళ్ళ ఊరయింది, 1942లో జపాన్ దాడితో నడకన పారిపోవలసి వచ్చేదాకా. మోజు లేకుండానే ఇల్లు ఏర్పడుతుంది, మోజు ఎంతున్నా ఏర్పడకపోనూ వచ్చు. విశ్వేశ్వర శంభువు విషయంలో జవాబు రాతిమీదే ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం మందడం, వెలగపూడి గ్రామాలు ఆయనకు దానంగా దక్కాయి. వచ్చిన రాబడితో గుడి, మఠం, విద్యాలయం, వాటితోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నిజాతులవారికీ అన్నం పెట్టే సత్రం నడిచాయి. పరాయి ప్రాంతపు పురుళ్ళను, ఆకళ్ళను తన లెక్కలో వేసుకున్నవాణ్ణి విడిదిలో ఉన్నాడని ఎవరంటారు? ఒక నేల ఇచ్చింది తిన్నంతకాలం అది భోగభూమి. దానికి బాకీ పడ్డామని ఒప్పుకుని తీర్చడం మొదలుపెట్టిన రోజు అది కర్మభూమి. పురాణం చెప్పిన భేదాన్ని నేను కొట్టివేయడం లేదు. అది దేశాల మధ్య కాదు, బతికే తీరుల మధ్య ఉందంటున్నాను.

ఇందుకు నిత్యపూజలోనే సాక్ష్యముంది. వరంగల్‌లో సంకల్పం చెప్పేవారు జంబూద్వీపం నుంచి మొదలుపెట్టి, శ్రీశైలానికి ఏ దిక్కో, ఏ నదుల నడుమో చెప్పుకుంటూ కూర్చున్న ఇంటిదాకా వస్తారు. సొంతిల్లయితే స్వగృహమనీ, అద్దెదైతే వసతిగృహమనీ చెప్పే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో పురోహితులు క్రౌంచద్వీపం, రమణక వర్షం, ఐంద్ర ఖండం అంటారు. ఇది అర్చకుల సర్దుబాటే, పౌరాణిక ద్వీపాలు నేటి పటం మీద ఒదగవు అని వెక్కిరించడం తేలిక. ఆ గడ్డకు అంతకుముందే అక్కడి ఆదివాసులు పెట్టుకున్న పేర్లున్నాయన్నది అంతకన్నా గట్టి విమర్శ, దానికి జవాబు పురోహితుల దగ్గర లేదు. కానీ సర్దుబాటైనా ఎందుకు అవసరపడింది? మనసు ఎక్కడున్నా, కర్తకు తాను కూర్చున్న చోటు పేరు చెప్పక తప్పదు కనుక. టెక్సాస్‌లో కూర్చుని భద్రకాళి చెరువు గట్టున ఉన్నట్టు సంకల్పం చెప్పుకోవడం కుదరదు. అక్కడి బతుకమ్మలో తంగేడు, గునుగు లేకపోతే దొరికిన పూలే పేరుస్తున్నారు. అది లోటే, కాదనను. పూలు దొరకలేదని పండుగ మానుకోవడం మాత్రం ఆ నేలను భోగభూమిగానే ఉంచేయడం.

చివరి అభ్యంతరం శాస్త్రానిది కాదు, హనుమకొండలో తాళం వేసిన మేడ మీది గదులది. మనిషి పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు బాకీపడతాడని వేదమే అంటుంది. దేవతల బాకీ పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరుడి గుడిలో తీరవచ్చు, ఋషుల బాకీ ఏ గ్రంథాలయంలోనైనా తీరవచ్చు. కన్నవాళ్ళ బాకీ బతికుండగా తీర్చాల్సింది, వాళ్ళున్న చోటే తీర్చాల్సింది. డబ్బు పంపడం అందులో కొంత భాగమే. కొత్త నేల సొంతమైనంత మాత్రాన పాత బాకీ రద్దు కాదు, పాత బాకీ ఉందని కొత్త నేల పరాయిదీ కాదు. ఒక సంకల్పంలో రెండు ఊళ్ళు చెప్పడానికి వీల్లేదు గనుక, వెళ్ళినవాడు ఏదో ఒకచోట ఎగవేతదారుగా మిగులుతాడు. ఆ మాట దాచకుండా ఒప్పుకునేవాడి దగ్గర అమెరికా నా ఇల్లు అన్న మాటను నేను నమ్ముతాను.