మేడిచెట్టు దులిపినవాడు



"కొనడం తగ్గించండి" అని మనవాళ్లకు చెప్పేముందు ఒక సంగతి మాట్లాడుకోవాలి. ఆ మాట మనం తరతరాలుగా వింటున్నదే. చండాలుడి ఆస్తి కుక్కలూ గాడిదలూ, కట్టుకునేది శవం మీది బట్ట, పెట్టుకునేది ఇనప నగ అని మనుస్మృతి పదో అధ్యాయంలో రాసిపెట్టారు. శూద్రుడికి సంపాదించే శక్తి ఉన్నా కూడబెట్టకూడదట. అలాంటి దేశంలో మన పిల్లాడు కొత్త బూట్లేసుకుని బజార్లో నడిస్తే దుబారా ఎట్లా అవుతుంది? 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లకు ఏం చెప్పారు? అంటరానితనాన్ని చాటే ఆ బరువు నగలు తీసేయండి, శుభ్రమైన బట్ట కట్టుకోండి అన్నారు. పేదగా ఉండటమే పుణ్యమని ధమ్మం చెప్పలేదు. ఎవరైనా అట్లా చెప్తే ముందు వాళ్ల బీరువా తెరిచి చూపించమనండి.

మరి ధమ్మం ఏం చెప్పింది?

కోలియుల పట్టణంలో దీఘజాను అనే గృహస్థు బుద్ధుని దగ్గరకొచ్చాడు. మేము పెళ్లాం పిల్లలతో ఉండేవాళ్లం, చందనం పూసుకునేవాళ్లం, వెండి బంగారాలు ముట్టేవాళ్లం, మాకు పనికొచ్చేది చెప్పండి అన్నాడు. బుద్ధుడు అతన్ని అడవికి పొమ్మనలేదు. కష్టపడి పనిచెయ్యి, సంపాదించింది కాపాడుకో, మంచివాళ్లతో స్నేహం చెయ్యి, రాబడికి తగ్గట్టు బతుకు అన్నాడు. తక్కెడ పట్టినవాడు ఎటు ఎంత మొగ్గిందో చూసుకున్నట్టు లెక్క చూసుకోమన్నాడు. రాబడి కొంచెం, ఖర్చు కొండంత అయినవాణ్ణి చూసి జనం "వీడు మేడిపళ్లు తిన్నట్టు తింటున్నాడు" అంటారట. అంటే చెట్టంతా దులిపి, నాలుగు తిని, మిగతావి నేలపాలు చేసేవాడన్నమాట. రాబడి ఉండీ కడుపు మాడ్చుకునేవాణ్ణి కూడా బుద్ధుడు మెచ్చుకోలేదు, అదీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన వాడకొద్దాం. 22 ప్రతిజ్ఞలు చేసిన ఇంట్లో దేవుళ్ల పటాలు దిగిపోయాయి, బాగానే ఉంది. కానీ అక్షయ తృతీయకి గ్రాము బంగారం కొనకపోతే ఇంకా ఏదో వెలితి! ఆషాఢం ఆఫర్లో ఒకటికి ఒకటి ఉచితమని తెచ్చిన చీరలు కవరు కూడా విప్పకుండా పడుంటాయి. ఇక ఓణీల ఫంక్షన్. అవతల వీధివాళ్లు డీజే పెట్టారని మనమూ పెట్టాలి, వాళ్లది పదడుగుల ఫ్లెక్సీ అయితే మనది ఇరవై. (జయంతికి బాబాసాహెబ్ బొమ్మ చిన్నదిగా, మన మొహాలు పెద్దవిగా వేసే ఫ్లెక్సీల సంగతి ఇంకోసారి.) డబ్బెక్కడిది? నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇచ్చేదెవరు? చాలా ఊళ్లలో మనం ఎవరి పొలంలో కూలికి పోతామో ఆ ఆసామే. రేపు కూలి రేటు పెంచమని అడగాలన్నా, పంచాయితీలో మనవాడి పక్షాన లేచి నిలబడాలన్నా ఆ నోటు గుర్తొచ్చి నోరు పడిపోతుంది. నలుగురిలో తల ఎత్తుకోవడానికే చేశామంటాం గానీ, తల వంచింది ఆ అప్పే.

భిక్షువు చీవరం కట్టుకుంటూ, ఇది చలికి, ఎండకి, దోమలకి, సిగ్గు కాచుకోవడానికి అని తలుచుకుంటాడు. మనమూ దుకాణం మెట్టెక్కేముందు "ఇది దేనికి?" అని అడుక్కోవచ్చు. "వాళ్లు చూడాలని" అనే జవాబొస్తే అది తణ్హ. మెట్టు దిగి రండి, కొంపలేం మునగవు.

కోసంబిలో ఉదయన రాజు అంతఃపురం స్త్రీలు ఆనందుడికి 500 ఉత్తరీయాలు దానమిచ్చారు. బట్టల కొట్టు పెడతాడా ఏమిటని రాజు విసుక్కుని, అన్నీ ఏం చేసుకుంటావని అడిగాడు. చిరిగినవి కట్టుకున్న భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. వాళ్ల పాతవో? దుప్పట్లు. పాత దుప్పట్లో? పరుపు గలీబులు. అవి పాతబడితే నేలమీద పరుపులు, తర్వాత కాళ్లు తుడుచుకునే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు. ఆఖరికి మట్టిలో కలిపి నేల మెత్తుతామన్నాడు. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడు.

వచ్చే పున్నమికి విహారానికి వచ్చేటప్పుడు ఆ కవరు విప్పని చీరలు, పొట్టయిపోయిన పిల్లల బట్టలు, స్కూలు సంచులు పట్టుకురండి. చిరిగినవి వద్దు, మనం కట్టుకుని నలుగురిలోకి పోగలిగినవే తెండి. వందన అయ్యాక పంచుకుందాం.