కోయని పూవు

భక్తితో సమర్పించిన పత్రమునైనను, పుష్పమునైనను స్వీకరింతునని శ్రీకృష్ణ భగవానుడు గీత తొమ్మిదవ అధ్యాయమున సెలవిచ్చెను. కావున గృహస్థులు తెల్లవారుజామున పెరటిలోని పూలన్నియు కోసి పూజకు తెచ్చుట పరిపాటి. అందు కొన్నింటిని తేనెటీగలకు విడుచుట స్వామి సొత్తును తగ్గించుట యగునా?

భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత పేర్కొనిన 24 గురువులలో మధుకరమొకటి. అది పూవును నొప్పింపక కొంచెము కొంచెముగా గ్రహించును. అంతియ కాదు, పుప్పొడిని పూవునుండి పూవునకు చేర్చును. గుమ్మడిపాదున ఆడపూవు వేరు, మగపూవు వేరు. ఈగ వాలనిచో నైవేద్యమునకు కాయయే లేదు. పంచామృతములలోని తేనెయు కోయని పూవుల వరమే. కనుక చెట్టున నిలిచిన పూవు సైతము స్వామి సన్నిధికే చేరుచున్నది. త్రోవ మాత్రము వేరు.

ఈ ధర్మమును ఆచరించుటకు ఏండ్ల తరబడి నిలుచు మన దేశపు మొక్కలే చాలును. కంకులు త్రుంపినగాని తులసి గుబురుగా పెరుగదందురు, అది నిజమే. అయినను కొన్నింటిని విడువవలెను. ఆ చిన్నిపూలకు ఈగలు ముసరును. పారిజాతము రాత్రి వికసించి, తెల్లవారుసరికి తానై రాలును. రాలిన పూవును పూజకు గైకొను ఆచారము దానికి కలదు. పూచిన మొక్కపై పురుగుమందు చల్లరాదు.

అష్టపుష్పములలో అహింస మొదటిదని పెద్దలు చెప్పుదురు. బుట్టలోని పూలతోబాటు ఆ పుష్పమును గూడ సమర్పించువాని అర్చనయే పూర్ణమగును.