వెలుగు ఎవరిది?

తార్నాక వైపు, ఉస్మానియా క్యాంపస్ క్వార్టర్సులో, ఆడవాళ్ళకి సొంత పేర్లు కాస్త తక్కువేనండీ. ఫలానా ప్రొఫెసరుగారి ఆవిడ, ఫలానా డాక్టరుగారి కోడలు – అంతే. ఆయనగారి వెలుగులో ఆవిడ నలుగురికీ కనబడుతోందంటారు. కనబడుతోందా, కనబడకుండా పోతోందా అని నా సందేహం.

ఆ క్యాంపస్‌లోనే ఖగోళశాస్త్రం చెబుతారు. రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది వాళ్ళే. నా సందేహానికి సరిపోయే సంగతొకటి ఆ శాస్త్రంలో ఉంది.

3సి 273 అనే క్వాసార్ చూపుకి నక్షత్రంలాంటి చుక్క. అది దాదాపు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉందని 1963లో మార్టెన్ స్మిట్ కనిపెట్టిన పరిశోధనతో తెలిసింది. ఆ చుక్క నిజానికి ఒక గెలాక్సీ నడిబొడ్డున వెలిగే దీపం. కృష్ణబిలంలోకి జారే పదార్థం వేడెక్కి ఇచ్చే వెలుగది. చుట్టూ కోటానుకోట్ల నక్షత్రాల ఇల్లుంది. దీపం జిగేలుకి ఇల్లే కనబడలేదు! హబుల్ టెలిస్కోపు వచ్చాక, 1990లలోగాని ఇలాంటి ఇళ్ళు చాలావరకు స్పష్టంగా తెలియలేదు.

కొన్ని క్వాసార్లకి వడ్డాణంలా చుట్టుకున్న దుమ్ము మనకి అడ్డొస్తుంది. అప్పుడు దీపం చాటవుతుంది, ఇల్లు హాయిగా కనబడుతుంది. అందులో నీలివెలుగు చూసి, "ఆహా, ఎన్ని కొత్త నక్షత్రాలో!" అనుకోబోతామా, ధ్రువణం వచ్చి ఆగమంటుంది. కాంతి దేనికైనా తగిలి చెదిరితే దాని అలల ఊపు ఒక దిక్కుకి ఒదుగుతుంది. అదే ధ్రువణం. పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకుని, సూర్యుడు ఎడమచేతి వైపు ఉండేలా నిలబడి ఎదుటి నీలాకాశం చూస్తూ తల అటూ ఇటూ వంచండి. ఆకాశం ముదురుతుంది, మళ్ళీ తేలుతుంది. (సూర్యుణ్ణి మాత్రం చూడకండి తల్లీ!) నక్షత్రాల సొంత వెలుగుకి ఈ ఒదుగు ఉండీ లేనట్టే. కనుక ఇంటి వెలుగులో నక్షత్రాలదెంత, చాటున ఉన్న దీపం నుంచి గోడమీద పడిందెంత అని లెక్కకట్టొచ్చు. పచ్చడి రుచి చూసి ఉప్పెంతో పులుపెంతో చెప్పే మనకి ఇదేమంత వింత కాదు.

అయితే గోడమీద పడ్డ వెలుగు నామోషీయా? నాకలా తోచదు. ఎన్.జి.సి. 1068 అనే గెలాక్సీ ఉంది, క్వాసార్లకి చిన్న చెల్లెలనుకోండి. 1985లో ఆంటొనూచీ, మిల్లర్ దాని ధ్రువణకాంతిని మాత్రం విడదీసి చూశారు. మామూలు వెలుగులో చిక్కని దీపం జాడ అందులో దొరికింది. ఆ ఇంట్లోని వాయువు, చాటునున్న దీపపు వెలుగు తనమీద పడనిచ్చి మనవైపు మళ్ళించింది కాబట్టే దొరికింది. ఇప్పుడు చెప్పండి, ఎవరి వెలుగులో ఎవరు కనబడ్డట్టు?