చెల్లెమ్మ నంబరు కూడా రాసుకో

చిరంజీవి మేనకోడలికి,

మీ బ్యాచ్ పాతికేళ్ల కలయిక పనులు నెత్తిన వేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం తల్లీ. రిసార్టు, టీషర్టులు, ఫొటోలు చూసుకోవడానికి మీవాళ్లలో చాలామందే ముందుకొస్తారు. నువ్వు మాత్రం ఒక పని ఎవరికీ అప్పజెప్పకు. జాబితా రాసేటప్పుడు ప్రతి పేరు పక్కన భార్యదో భర్తదో పేరు, నంబరు, వీలైతే పిల్లల్లో ఒకరి నంబరు రాసి పెట్టు. మీ ఆడపిల్లల్లో పెళ్లితో ఇంటిపేరు మారినవాళ్లుంటారు. వాళ్లకి రెండు ఇంటిపేర్లూ రాయి.

మేం 1970లో వరంగల్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో (ఆర్ఈసీలో) చేరాం. దేశంలో ఆర్ఈసీలు మొదలైంది అక్కడే, 1959లో. 2002లో అది ఎన్ఐటీ అయింది. అప్పట్లో సగం సీట్లు మన ఉమ్మడి రాష్ట్రానికి, సగం బయటి రాష్ట్రాలకి. అందుకని హాస్టల్లో కోనసీమవాడూ, కరీంనగర్‌వాడూ, మలయాళీ కుర్రాడూ పక్కపక్క గదుల్లో ఉండేవాళ్లం. ఐదేళ్లు ఒక మెస్‌లో తిని, కాజీపేట స్టేషన్లో తలోదారి పట్టాం. ఆ తర్వాత ఇన్‌లాండ్ ఉత్తరాలే దిక్కు. ఉద్యోగం మారితే చిరునామా మారేది, ఉత్తరం తిరిగొచ్చేది, మనిషి అజా పజా తెలిసేది కాదు. మీకు వాట్సాప్ ఉంది కాబట్టి ఆ బాధ లేదనుకుంటారు. కానీ పొద్దున్నే గ్రూపులో ఒక పువ్వు బొమ్మ కనబడితే చాలు, మనిషి కులాసాగా ఉన్నాడని మనమే తీర్మానించేసుకుంటాం. అది నమ్మకు.

మా క్లాసులో అందరి రోల్ నంబర్లూ కంఠతా చెప్పగలిగినవాడు ఒకడుండేవాడు. మా వాట్సాప్ గ్రూపులో మెల్లగా రాయడం మానేశాడు. అలిగాడన్నారు, మనవల గొడవలో పడ్డాడన్నారు. మీ అత్తయ్య వాళ్లావిడతో మాట్లాడితే బయటపడింది, అతనికి మతిమరుపు జబ్బు వచ్చిందని, ఫోను ఎలా తియ్యాలో కూడా తెలియడం లేదని. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఆ చెల్లెమ్మ ఫోనుకే వీడియో కాల్ చేస్తున్నాం. ముందు ఆమె మా పేరు అతని చెవిలో చెబుతుంది. మేం హాస్టల్ మెస్ పప్పు సంగతి ఎత్తుతాం. వెంటనే నవ్వుతాడు, ఒక్కోసారి వంటమనిషి పేరు కూడా చెబుతాడు. పొద్దున ఏం తిన్నావని మాత్రం ఎవరం అడగం. అడిగితే బిక్కమొహం వేస్తాడు. ఆమె నంబరు మీ అత్తయ్య దగ్గర లేకపోతే అతను మాకు ఎప్పుడో దూరమైపోయేవాడు.

ఫోను ఎత్తనివాడికి పొగరని కూడా అనుకోకు. చెవి సరిగా వినబడనివాళ్లు ఫోనంటేనే భయపడతారు, తర్వాత నలుగురిలోకి రావడమే మానేస్తారు. మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో మనం సరిచేసుకోగలిగినవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పింది. ఆ పద్నాలుగింటిలో వినికిడి తగ్గడమూ ఉంది, మనుషులకు దూరమైపోవడమూ ఉంది. చెవి మిషను పెట్టించుకోమని భార్యాబిడ్డలు చెబితే విననివాడు, హాస్టల్ రూమ్‌మేట్ తిడితే వింటాడు.

మనిషి పోయాక చేయాల్సింది ఇంకా ఎక్కువ. పెద్దకర్మ రోజున ఇల్లు జనంతో నిండి ఉంటుంది. నువ్వు రెండు నెలలు గడిచాక వెళ్లు. అప్పటికి పిల్లలు అమెరికా తిరిగి వెళ్లిపోయి ఉంటారు, అతని భార్య ముందు కాగితాల కట్ట మిగిలి ఉంటుంది. అతనిది పింఛను ఉద్యోగమైతే పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) ఎక్కడుందో వెతకాలి, మరణ ధ్రువీకరణ పత్రంతో బ్యాంకుకి వెళ్లి ఫ్యామిలీ పెన్షన్ తన పేరున మార్పించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనైతే ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఎనభై నిండినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. అన్నేళ్లూ ఆయనే చూసుకున్న పనులివి. ఆ ఊళ్లోనే ఉన్న క్లాస్‌మేట్ ఒక పూట ఆమెతోపాటు బ్యాంకులో కూర్చుంటే చాలు. మా బ్యాచ్‌లో దీన్ని నియమంగా పెట్టుకున్నాం. డబ్బు సాయం కావాల్సి వస్తే ముగ్గురికి మించి తెలియనివ్వం. గ్రూపులో పేరు పెట్టి చందా అడగడం ఆ కుటుంబాన్ని వీధిలో నిలబెట్టడమే.

పోయినవాడి పిల్లలకి మీరు ఇవ్వగలిగింది ఇంకొకటుంది. వాళ్లకి తెలిసింది నాన్నే. ఇరవయ్యేళ్ల కుర్రవాడిగా అతన్ని ఎరిగినవాళ్లం మనమే కదా. మా స్నేహితుడొకడు పోయినప్పుడు వాళ్లమ్మాయికి నేనొక ఉత్తరం రాశాను. ఓ రాత్రి జ్వరంతో ఉన్న జూనియర్‌ని వాడు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని, చీకట్లో తొక్కుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లిన సంగతి అందులో ఉంది. నాన్న ఈ విషయం ఇంట్లో ఎన్నడూ చెప్పలేదంటూ ఆ పిల్ల ఫోను చేసింది. చాలాసేపు మాట్లాడింది. ఇప్పుడు పండక్కి తనే ఫోను చేస్తుంది.

మీ బ్యాచ్‌లోనూ ఇప్పటికే ఒకరిద్దరు పోయారన్నావు. ఆ కుటుంబాలకి పిలుపు గ్రూపు మెసేజ్‌లో పంపకు. నువ్వే ఫోను చేసి, పిల్లల్ని కూడా తీసుకురమ్మని పిలువు. రాలేమంటే బలవంతపెట్టకు, కలయిక అయ్యాక నువ్వే వాళ్లింటికి వెళ్లిరా.

ఆశీస్సులతో,
మామయ్య