నర్తనము, నలుగురి మాట

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంఘ కార్యవర్గమువారు కోరినప్పుడు, ఏ పుణ్యక్షేత్రమును గూర్చియో, ఏ శతకకర్తను గూర్చియో వ్రాయుదమని మొదట తలంచితిమి. మేము పండితులము కాము. పదునొకండవ తరగతితో చదువు ముగించి, కోవిల్పట్టిలో ఒక నూలు మిల్లునందు ముప్పదియాఱు సంవత్సరములు లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందినవారము. తెలిసినంతలో వ్రాయుటయే మావంటివారికి మర్యాద. కాని యీ యేడు మా యింట నొక ప్రశ్న పుట్టి, కొన్ని మాసములు మాకు నిద్ర లేకుండ చేసినది. ఇట్టి ప్రశ్న మన కుటుంబములలో మఱికొన్నింట కూడ పుట్టియుండుననియు, పుట్టనిచోట రేపు పుట్టగలదనియు తోచి, దానినే యిచ్చట విన్నవించుచున్నాము.

మా కూతును విరుదునగరములో ఇచ్చితిమి. వారిది పప్పుదినుసుల వ్యాపారము. ఆమె కుమార్తె చదువు ముగించి కోయంబత్తూరులో ఉద్యోగము చేయుచున్నది. ఆ పిల్ల అచ్చట ఒక నృత్యశాలలో చేరి రెండేండ్లుగా ఈజిప్టు దేశపు నృత్యమొకటి అభ్యసించుచున్నది. దానిని ఆంగ్లములో బెల్లీ డాన్స్ అందురు. ఉద్యోగినులు, గృహిణులు, మనుమలనెత్తిన స్త్రీలును కొందఱు పని ముగించుకొని సాయంకాలము అచ్చట చేరి, కలిసి నేర్చుకొందురట. ఏడాదికొకసారి తమవారిని పిలిచి ప్రదర్శన యిత్తురట. "తాతా, మీరు రావలెను. చూడకముందే తప్పనకండి, చూచిన పిమ్మట ఏమన్నను వినెదను" అని పిల్ల ఫోనులో అడిగినది.

ఇల్లంతయు రెండుపాయలైనది. వియ్యపురాలు "పెండ్లి కావలసిన పిల్ల" అనిరి. అల్లుడు ఏమియు తేల్చలేదు. మా కూతురు మాత్రము నోరు విప్పలేదు. ఆ మౌనము మాకు క్రొత్తది కాదు.

ఇచ్చట మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. 1996వ సంవత్సరమున మా కూతురు పండ్రెండేండ్ల పిల్ల. ఉగాది వేడుకలకు మనవారి పిల్లలు పదిమంది కోలాటము నేర్చుకొనుచుండిరి. ఆమెయు వారిలో నొకతె. నెలనాళ్లు సాధన జరిగినది. వేడుకకు నాలుగు దినములుండగా, మా బంధువొకరు వచ్చి, "ఎదిగిన పిల్లను వేదిక యెక్కించుచున్నావా? నలుగురేమందురు?" అనిరి. ఆ రాత్రియే మేము వలదంటిమి. పిల్ల ఎదురు చెప్పలేదు, ఏడువలేదు, కోలలు తీసి లోపల పెట్టినది. మఱి యెన్నడును ఏ ఆటయు అడుగలేదు. ఎంత విధేయురాలని మేము పదిమందితో చెప్పుకొంటిమి. విధేయత వేఱు, ఆశ వదలుకొనుట వేఱు అని తెలియుటకు మాకు ముప్పది యేండ్లు పట్టినది.

ఇక ప్రశ్నకు వత్తము. దేహమును కదలించి పదిమందికి చూపుట తప్పా? తప్పైనచో ఆ తప్పు ఎచ్చట నున్నది? ఆడువారిలోనా, చూచువారిలోనా, లేక పేరు పెట్టినవారిలోనా?

ఎదుటి పక్షమును చులకన చేయుట న్యాయము కాదు గనుక ముందు వారి మాటయే చెప్పెదము. ఆ నృత్యమున నడుము, ఉదరము ప్రధానాంగములు. పేరే అట్లున్నది. మన పెద్దలు స్త్రీకి సిగ్గు ఆభరణమనిరి. పైగా అది మన దేశపు విద్య కాదు. మన కూచిపూడి యుండగా, మన కోలాటముండగా, ఎక్కడి ఈజిప్టు? ఈ వాదములో బలము లేకపోలేదు. మేమును మొదట ఇదియే తలంచితిమి.

కాని పేరు విషయము విచారించి చూడగా వేఱుగా నున్నది. అరబ్బులు దానిని రక్స్ షర్కీ, అనగా తూర్పుదేశపు నృత్యము, అందురు. అందు ఉదరమను మాట లేదు. ఆ పేరు చూడవచ్చిన ఐరోపావారు పెట్టినది. 1893లో చికాగో నగరమున జరిగిన లోకప్రదర్శనలో కైరో వీథి యను పేర వినోదశాల నొకదానిని నిర్మించి, టిక్కెట్లమ్ముకొనుటకు ఆ పేరును చాటించిరి. ఆడువారు తమ విద్యను దేశము పేర పిలిచికొనగా, చూచువారు తమ కన్ను నిలిచినచోటు పేర పిలిచిరి. పేరు చూచి మనము సిగ్గుపడినచో, అది ఆడినవారి సిగ్గు కాదు, ఆ పేరు పెట్టినవారి చూపునకు మనము పడు సిగ్గు.

ఆ దేశమునను నర్తకులు సుఖముగా లేరు. 1834లో ఈజిప్టు ప్రభువైన మహమ్మదాలీ నర్తకులను కైరో నగరమునుండి వెడలగొట్టి దక్షిణ మండలములకు పంపెను. చూడవచ్చినవారి నెవ్వరిని పంపలేదు. మన రాష్ట్రమున 1947లో దేవదాసీ నిషేధ చట్టము వచ్చెను. బాలికలను కాపాడుట దాని సంకల్పము. అది మంచిదే, అవసరమైనదే. అయినను తరతరములుగా ఆ కళను మోసిన కుటుంబములు అన్నమునకు దారి లేక చెదరిపోయినవి. అదే కళను 1935లో అడయారులో రుక్మిణీదేవి వేదికపై ఆడినప్పుడు పెద్దలు ముక్కున వ్రేలు వేసికొనిరి. నేడు విరుదునగరములో ఏ వీథి చూచినను భరతనాట్యమునకు పోవు పిల్లలున్నారు. కూచిపూడి పురుషుల సొత్తుగానే యుండి, స్త్రీవేషములు సైతము పురుషులే ధరించిరి. 1963లో వెంపటి చినసత్యముగారు మదరాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఆడపిల్లలకును నేర్పిరి. నేడు అది ఆడపిల్లల విద్య యనియే లోకము తలంచుచున్నది. నలుగురి మాట ఒక తరములోనే తలక్రిందులగుచున్నప్పుడు, దానిని ధర్మమునకు కొలబద్దగా పెట్టుకొనుట యెట్లు?

అయితే నలుగురి మాట మారును గనుక ఏదైనను సరియేయని మేము చెప్పుట లేదు. కొలబద్ద మఱియొకచోట వెదకవలెను. అది మన యూరి ప్రక్కనే దొరకినది.

మన ప్రాంతమున రాజకంబళపు నాయకర్లు తెలుగువారని ఎల్లరెఱిగినదే. 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరితీయబడిన వీరపాండ్య కట్టబొమ్మన ఆ కులమువాడు. జక్కమ్మ వారి దేవత. వారి ఆట దేవరాట్టము. జమీన్ కోడంగిపట్టి యీ ఆటకు పేరుపొందిన ఊరు. పురుషులు కాళ్లకు గజ్జెలు కట్టి, రెండు చేతులను రుమాళ్లు పట్టి, వరుసగా నిలుతురు. పాట లేదు. దేవదుందుభి మ్రోగును. ముందున్నవాడు అడుగు వేయును. వెనుకవారు దానిని చూచి అందుకొందురు. అడుగు మారగానే వరుసంతయు మారును. పిల్లవాడు చివర నిలిచి, తడబడుచు, ముందువాని కాళ్లు చూచి నేర్చుకొనును. అతనిని తప్పుపట్టి బయటికి పంపుట లేదు. అతని తడబాటును వరుస తనలో కలుపుకొనును.

ఆ ఆటలోను నడుము వంగును, దేహము చెమర్చును, ఊరంతయు చూచును. ఎవ్వరును సిగ్గు మాట యెత్తరు. ఏల? ఆడువారు పురుషులని కొందఱందురు. అది సగము నిజము. ఆ సగమును మనము ఒప్పుకొనుటయే మర్యాద. రెండవ సగమేమనగా, చూచువారు తమవారు. పెదనాన్న ఆడుచున్నాడు, మేనమామ ఆడుచున్నాడు అని చూతురు. దీనికి విరుద్ధమైనది మా చిన్ననాట చూచితిమి. జాతరలలో కరగాట్టమాడు స్త్రీలు వచ్చెడివారు. తలపై కరగముంచి, చేయి తగుల్పక, తెల్లవార్లు ఆడుదురు. అంతటి సాధన సామాన్యమైనది కాదు. ఊరంతయు రాత్రి కన్నార్పక చూచును. తెల్లవారి ఆ స్త్రీ దాహమడిగినచో ఏ గడపయు లోనికి రమ్మనదు. రాత్రి చూచిన కన్నులే ఉదయము తలుపు మూసినవి. ఇందులో అవమానకరమైన పని ఎవరిది? ఆడినదానిదా?

దేవరాట్టము నేడు కులపు గడప దాటినది. తమిళనాట పాఠశాలలలో, కళాశాలలలో నేర్పుచున్నారు; అన్ని కులముల పిల్లలు, ఆడపిల్లలు సైతము, పోటీలలో ఆడుచున్నారు. దేవత లేని వేదికపై దేవరాట్టమేమని బాధపడు పెద్దలు కలరు. వారి బాధ నిజమైనదే. ఏడెనిమిది నిమిషములలో ముగించుమన్న ఆటలో, జక్కమ్మ ముంగిట నిలిచి ఆడినదంతయు ఇముడదు. కాని ఆడువారే లేకపోయినచో అడుగులే మిగులవు. కనుక క్రొత్తవారు నేర్చుకొనవచ్చును. అయితే వారిపై నొక ఋణము పడును. ఇది ఎవరిది, ఎవరు ఇన్నాళ్లు మోసిరి అని తెలిసికొని చెప్పవలెను. ఈజిప్టు ఆట నేర్చుకొను మా మనుమరాలికిని ఇదే ఋణము కలదు.

మఱియొక విషయము. ఎట్టయపురమునుండి 1904లో సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని వెలువడినది. తమిళసీమలో, తెలుగు లిపిలో అంతటి గ్రంథము వెలువడుట మనకు గర్వకారణము. రాగములను, గమకములను కాగితముపై నిలుపవచ్చునని ఆయన చూపిరి. అయినను గమకము గొంతులోనికి వచ్చుటకు మఱియొక గొంతు కావలెను. అడుగు సంగతి చెప్పనక్కఱలేదు. ఒక దేహమునుండి మఱియొక దేహమునకు చేరవలసినదే. మన తెలుగును అట్లే గదా! కోవిల్పట్టిలో మన పిల్లలలో తెలుగు చదువనేర్చినవారు ఎందఱు? బడి లేకున్నను, పుస్తకము లేకున్నను, ముందువారి నోరు చూచి వెనుకవారు అందుకొనగా ఇన్ని వందల యేండ్లు ఇంటిలో నిలిచినది. వరుసలో చివర నిలిచి తడబడువానిని నవ్వి వెడలగొట్టినచో, ఆటయు పోవును, భాషయు పోవును.

ఇందువలన మాకు తోచిన కొలబద్దలు మూడు. నేర్పువారు శిష్యులను గౌరవింతురా? వలదనుకొన్న దినమున మానుకొను స్వేచ్ఛ నేర్చుకొనువారికి కలదా? చూడవచ్చువారు తమవారివలె చూతురా? ఈ మూడింటికి అవునను సమాధానము వచ్చినచో, నడుము కదలెనా, చేయి కదలెనా అనునది పెద్ద ప్రశ్న కాదు. ఇందులో ఏ ఒక్కటి కాదన్నను, అది ఎంత పవిత్రమైన నృత్యమైనను, పిల్లను పంపుటకు మేము వెనుదీయుదుము. తల్లిదండ్రులు అడుగవలసినవి యివి. నలుగురేమందురను ప్రశ్నలో పిల్ల క్షేమము లేదు. మన భయము మాత్రమే కలదు.

మేము కోయంబత్తూరు పోయితిమి. కూతురును వెంట వచ్చినది. ఒక చిన్న సభాశాల. వచ్చినవారందఱు ఆడువారి భర్తలు, తల్లులు, పిల్లలు. దుస్తులు మేము భయపడినట్లు లేవు; మేము ఆశించినట్లును లేవు. కొంతసేపు తల వంచుకొనియే కూర్చుంటిమి, అది దాచము. పిమ్మట పండ్రెండుగురు కలిసి ఆడిరి. ముందున్నామె ఒక అడుగు చూపగా, వెనుకవారు అందుకొనిరి; కొంతసేపటికి వెనుకనున్నామె ముందునకు వచ్చినది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 1987లో ఏర్పడిన ఒక బృందము ఈ పద్ధతిని వ్యాపింపజేసినదని పిల్ల తర్వాత చెప్పినది. మాకు తోచినది దేవరాట్టపు వరుస. వారిలో ఏబది దాటిన స్త్రీ యొకతె నడుమ అడుగు మఱచి నిలిచిపోయెను. ప్రక్కనున్న మా మనుమరాలు ఆమె వంక తిరిగి, తన అడుగు తగ్గించి, ఆమె అందుకొనువఱకు అదే అడుగు వేయుచుండెను. చూచువారిలో చాలమందికి అది తెలియదు. లెక్కలు వ్రాసినవారము గనుక మాకు తెలిసినది.

తిరుగు రైలులో కూతురును అడిగితిమి: "అమ్మా, ఆనాడు కోలాటము మాన్పించుట తప్పు. నీకు జ్ఞాపకమున్నదా?" ఆమె కొంచెముసేపు కిటికీ వంక చూచి, "అడుగులన్నియు జ్ఞాపకమున్నవి, నాయనా" అనినది. మఱేమియు అనలేదు. క్షమించితినని గాని, లేదని గాని చెప్పలేదు. అడుగు హక్కు మాకు లేదు.

మనుమరాలు తన నృత్యమును ఎంతకాలము ఆడునో, వివాహమైన పిమ్మట మానునో మేమెఱుగము. ఆ నిర్ణయము ఆమెది. ఆ నృత్యమంతయు మాకు నచ్చినదని చెప్పినచో అబద్ధమగును. నచ్చుట వేఱు, న్యాయముగ నుండుట వేఱు. తాతలకు నచ్చనివన్నియు తప్పులు కావు.

పెద్దలకు మా విన్నపమొక్కటే. వచ్చు ఉగాదికి మన సంఘములో పిల్లలు మఱల కోలలు పట్టుదురు. ఏ యింటనైనను ఒక బంధువు వచ్చి నలుగురేమందురని అడిగినచో, ఆ నలుగురిలో మొదటివాడు తానేయని అతనికి మెల్లగా గుర్తుచేయుడు. పిదప ముందు వరుసలో కూర్చుండి, మీ పిల్లను మీ పిల్లగానే చూడుడు.