రాతి మీద పేరు లేనివారు

షాబాన్ నెలలో పలమనేరు వైపు ఒక గ్రామానికి దీనీ ఇజ్తిమా నిమిత్తం వెళ్ళాము. ప్రసంగం ముగిసి అందరూ లేస్తుండగా, ఎనభై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ మనవడి చేయి పట్టుకొని మా దగ్గరికి వచ్చారు.

"మౌలానా సాబ్, మా ఇంటాయన తాత తెల్లదొరల పటాలంలో చేరి బస్రాకు పోయినాడంట. మళ్ళా రాలేదు. షబెబరాత్ నాడు అందరూ ఖబరస్తాన్‌కు పోతారు. మా ఇంట్లోవాళ్ళు ఏ సమాధి దగ్గర నిలబడాల?"

మేము వెంటనే మసలా చెప్పాము. మగ్ఫిరత్ దుఆ చేయటానికి సమాధి ఎదుట నిలబడాలన్న షరతు లేదు, ఇంట్లో ముసల్లా మీద కూర్చొని చేసినా అల్లాహ్ వింటాడు అన్నాము. ఆమె తల ఊపారు గాని తృప్తి పడలేదు. "అది నాకూ తెలుసు నాయనా. ఆయన పేరు యాడన్నా రాసినారా అని అడగతా ఉండా."

ఈ ప్రశ్నకు మా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. మరణించినవాడి పేరు ఈ లోకంలో ఒక రాతి మీద ఉంటే ఎవరికి మేలు? లేకపోతే ఎవరికి నష్టం?

ముందు జరిగిన సంగతి తెలుసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) బ్రిటిష్ వారి పక్షాన పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. వారిలో దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. 1931లో ప్రారంభించిన ఢిల్లీ ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. మిగిలినవి? ఇరాక్‌లో నేలకొరిగి, సమాధి కూడా తెలియనివారి కోసం బస్రాలో 1929లో ఒక పెద్ద స్మారకం ఆవిష్కరించారు. దాని మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. భారతీయ సాధారణ సిపాయిల పేర్లు మాత్రం చెక్కలేదు. ఫలానా పటాలంలో ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఈ స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో తన పాత రికార్డులను తానే విచారించుకొని, ఆసియా, ఆఫ్రికా వాసులైన కనీసం 1,16,000 మందిని పేరుతోనో, అసలు ఏ విధంగానో స్మరించలేదని ఒప్పుకొని క్షమాపణ కోరింది. ఈ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండవచ్చని కూడా ఆ నివేదికే చెప్పింది.

తెల్లవారిని మాత్రమే తప్పుపట్టి ఊరుకోవటం న్యాయం కాదు. మన జిల్లా నేలనే చూడండి. 1740 మే నెలలో దామలచెరువు కనుమ దగ్గర మరాఠా సేనలతో జరిగిన పోరులో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ హతుడయ్యాడు. ఆయన కుమారుడు హసన్ అలీ కూడా అక్కడే పడిపోయాడు. ఈ రెండు పేర్లూ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. వారితో పాటు ఆ కనుమలో రాలిపోయిన సిపాయిల్లో ఒక్కరి పేరైనా మనలో ఎవరికి తెలుసు? 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలో హైదర్ అలీ కన్నుమూశాడు. ఆయన భౌతికకాయాన్ని శ్రీరంగపట్నం దాకా తీసుకెళ్ళి గుంబజ్ కింద ఖననం చేశారు. ఆయన వెంట వచ్చిన మామూలు మనిషికి గుంబజ్ ఎవరు కడతారు? పెద్దవారిని గుర్తుంచుకొని చిన్నవారిని మరిచిపోవటం ఏ ఒక్క జాతికో పరిమితమైన జబ్బు కాదు.

హిజ్రీ 21లో నహావంద్ యుద్ధం జరిగింది. విజయవార్త తెచ్చిన దూత హజ్రత్ ఉమర్ (రజి) ముందు నిలబడి, సేనాధిపతి నూమాన్ బిన్ ముఖర్రిన్ (రజి)తో సహా షహీదులైన ప్రముఖుల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. చివరికి, వీరు గాక తమరు ఎరుగని మామూలు జనం కూడా చాలామంది పోయారు అన్నాడు. హజ్రత్ ఉమర్ (రజి) విలపించారు. ఉమర్‌కు వారు తెలియకపోతే వారికి వచ్చిన నష్టమేమీ లేదని, అల్లాహ్‌కు వారు తెలుసునని అన్నారు.

ఆ పెద్దావిడకు మొదట ఈ సంఘటనే చెప్పాలనుకున్నాము. కాని ఆలోచించిన కొద్దీ మనసు వెనక్కి లాగింది. అల్లాహ్‌కు తెలుసు కదా అన్న మాటను బస్రా రాతి మీద అంకె వేసిన గుమాస్తా కూడా చెప్పవచ్చు! అదే మాట ఏడ్చేవాడి నోట విశ్వాసం అవుతుంది, నిర్లక్ష్యం చేసినవాడి నోట సాకు అవుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఆ మాట అన్నది కన్నీళ్ళతో. హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి దాసుల హక్కులు, అల్లాహ్‌కు అన్నీ తెలుసు గనుక మన మీద నుంచి తొలగిపోవు.

దీనికి నిదర్శనం దైవప్రవక్త (సఅసం) జీవితంలోనే ఉంది. జులైబీబ్ (రజి) అనే సహాబీకి సమాజంలో చెప్పుకోదగ్గ హోదా లేదు, పిల్లనివ్వటానికి కూడా జనం వెనకాడేవారు. ఒక యుద్ధం ముగిశాక దైవప్రవక్త (సఅసం), మీలో ఎవరైనా తప్పిపోయారా అని అడిగారు. సహచరులు ఫలానా, ఫలానా అని కొందరి పేర్లు చెప్పారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పారు. చివరికి ఎవరూ లేరన్నారు. అప్పుడు ఆయన, నాకు జులైబీబ్ కనిపించటం లేదు, వెతకండి అని ఆదేశించారు. ఏడుగురు శత్రువుల శవాల పక్కన ఆయన దొరికారు. గోతి తవ్వేంత వరకు ఆ దేహాన్ని దైవప్రవక్త (సఅసం) తన రెండు చేతుల మీదే మోశారు. అల్లాహ్ ఎరుగనివాడు కాదు జులైబీబ్. మరి ప్రవక్త అన్నిసార్లు ఎందుకు అడిగారు? సహచరుల లెక్కలో ఆ పేరు లేదు గనుక.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దాటవేయటం మాకు ఇష్టం లేదు. బస్రాలో మన సిపాయిలు పోరాడింది ఎవరితో? ఉస్మానియా ఖలీఫా సైన్యంతో. ఎంతోమందికి అది గుండెకోత. తమను తుర్కుల మీదికి పంపుతారన్న వదంతి కూడా తోడై, 1915 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ముస్లిం సిపాయిలతో కూడిన ఒక పటాలం తిరగబడింది. 47 మందిని బహిరంగంగా కాల్చి చంపారు. ఇటు బస్రాలో చనిపోయినవాడూ, అటు సింగపూర్ గోడకు ఆనించి కాల్చబడినవాడూ ఇద్దరూ మన ఇళ్ళవంటి ఇళ్ళ నుంచి వెళ్ళినవారే. ఐర్లాండ్ ప్రజలకూ ఇదే ఇబ్బంది వచ్చింది. బ్రిటిష్ దుస్తుల్లో మరణించిన తమవారిని స్వాతంత్ర్యం వచ్చాక బాహాటంగా తలచుకోలేకపోయారు. 1998 నవంబరులో బెల్జియం గడ్డ మీద వారి కోసం ఒక గోపురం ఆవిష్కరించేదాకా దశాబ్దాలు గడిచాయి.

వీరిలో ఎవరు షహీద్, ఎవరు కాదు అని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. తీర్పుదినాన మొట్టమొదట విచారించబడే ముగ్గురిలో ఒకడు శూరుడని పేరు కోసం పోరాడి చచ్చినవాడని హదీసులో ఉంది. రెండవవాడు ఆలిం. ఈ వాక్యం రాస్తూ మా కలం కాసేపు ఆగింది. కరువుకు తాళలేక, ఇంటికి జీతం డబ్బులు వస్తాయని పటాలంలో చేరినవాడి నియ్యత్‌ను తూచే తక్కెడ మన దగ్గర లేదు. మగ్ఫిరత్ కోరటానికి ఆ తక్కెడ అవసరమూ లేదు.

ముస్లిమేతర సోదరుల మాటేమిటని కొందరు యువకులు అడుగుతుంటారు. 2020 నవంబరులో కశ్మీర్ మాఛిల్ సెక్టారులో ఐరాల మండలం రెడ్డివారిపల్లెకు చెందిన హవల్దారు ప్రవీణ్ కుమార్ రెడ్డి ప్రాణాలర్పించారు. 2021 డిసెంబరు 8న కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ మరణించారు. ఇలాంటి అంతిమయాత్ర మన వీధిలో వస్తే లేచి నిలబడాలా అని ప్రశ్న. ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే దైవప్రవక్త (సఅసం) లేచి నిలబడ్డారు. ఆయన యూదుడు కదా అని ఎవరో అంటే, అది కూడా ఒక ప్రాణమే కదా అన్న భావం వచ్చేలా తిరిగి ప్రశ్నించారు. సమాధులను పూజించటం, దీపాలు పెట్టి మొక్కటం మనకు నిషిద్ధం. ఆ నిషేధాన్ని అడ్డం పెట్టుకొని పొరుగింటి దుఃఖం వైపు చూడకపోవటం మాత్రం ధర్మం నేర్పింది కాదు. ఆ ఇంటి పిల్లల చదువు సంగతి అడిగారా అన్నది మా ఎదురు ప్రశ్న.

ఇంతకూ ఆ పెద్దావిడకు ఏం చెప్పాము? పేరు రాసి ఉండకపోవచ్చు నానీ అని ఉన్నమాటే చెప్పాము. ఆయన తరఫున సదఖా చేయవచ్చని, సాద్ బిన్ ఉబాదా (రజి) మరణించిన తన తల్లి తరఫున నీటి దానం చేసిన సంగతి వివరించాము. షహీదుకైనా అప్పు మాఫీ కాదని హదీసులో ఉంది గనుక, ఆయన మీద ఏదైనా అప్పు మిగిలిపోయిందేమో ఇంట్లో ఎవరైనా చెప్పుకునేవారా అని కూడా అడిగాము.

ఆమె వెంటనే అన్నారు: "ఉండె నాయనా. పటాలానికి పోయేముందు శెట్టి అంగట్లో వడ్లకు బాకీ పడినాడంట. వాళ్ళ బీబీ నాలుగేండ్లు చింతపండు కొట్టి అమ్మి కట్టేసింది. ఆమె పేరు కూడా రాసుకో." మనవడు తన నోటుపుస్తకంలో నుంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు.