చెట్టుకి కంచె వేయొచ్చా?

పిల్లలమర్రి పేరు మనలో చాలామంది వినే ఉంటారు. తెలంగాణలో మహబూబ్‌నగర్ పట్టణానికి దగ్గర్లో ఉన్న మర్రిచెట్టు అది. వయసు సుమారు 700 ఏళ్ళని చెబుతారు. మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఊడలు దిగి మానులైపోవడంతో తల్లి మాను ఏదో, పిల్ల మాను ఏదో చూసేవాళ్ళకి తెలీదు. దాని నీడలో ఒక ముస్లిం సాధువు సమాధి కూడా ఉంది. మొక్కుకునేవాళ్ళకీ, వనభోజనాలకి వచ్చేవాళ్ళకీ, ఊరికే చూసిపోయేవాళ్ళకీ అది తమ చెట్టే.

2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చూస్తే చెదలు. అధికారులు సందర్శకుల్ని ఆపేశారు. 2018లో చెదల మందు కలిపిన సెలైన్ సీసాలు వందలకొద్దీ వేలాడదీసి, ఆస్పత్రిలో మనుషులకి ఎక్కించినట్టే చుక్కచుక్కగా ఎక్కించారు. వేళ్ళకి మందునీళ్ళు పోశారు. వాలిపోతున్న కొమ్మల కింద సిమెంటు స్తంభాలు కట్టారు.

వైద్యం చేయడం మంచిదే, అందులో వాదన లేదు. నా ప్రశ్న మనుషుల్ని ఆపడం గురించి. ప్రేమతో వచ్చేవాళ్ళని రావద్దనడం న్యాయమేనా?

మర్రి ఊడ నేలలో వేరు పట్టేదాకా వట్టి తాడులాంటిది. వేరు పట్టాకే స్తంభమై పైకొమ్మ బరువు మోస్తుంది. పిల్లలు పట్టుకుని ఊగేది మాత్రం ఇంకా నేలకి దిగని ఊడనే. దాని కొన తెగితే ఆ కొమ్మకి రేపటి ఆధారం పోయినట్టే. వేలమంది తొక్కిన నేల గట్టిబడి నీరూ గాలీ లోపలికి దిగవు. అంటే గొడ్డలి పట్టినవాడే కాదు, ముద్దు చేసేవాళ్ళు కూడా చెట్టుని పాడు చేయగలరు. (మాను మీద పేర్లు చెక్కేవాళ్ళ సంగతి వేరే. అది ప్రేమ అంటే నేను ఒప్పుకోను.)

మా తాత ఈ మాట వినడు. "ముట్టుకోని చెట్టు మీద మమకారం ఎలాగొస్తాది? రేపు కొట్టేస్తామంటే అడ్డం పడేది ఊడలట్టుకుని ఊగినోడే కదా" అంటాడు. ఇది తీసిపారేసే మాట కాదు. పదేళ్ళ పిల్లకి కంచె తీసేదాకా ఆగమంటే, అప్పటికి ఆ పిల్ల ఊగే వయసు దాటిపోతుంది.

అయినా లెక్క వేసి చూశాను. 25 ఏళ్ళకి ఒక తరం అనుకుంటే 700 ఏళ్ళంటే 28 తరాలు. ఇప్పుడున్న మనం అందులో ఒక్క తరం. మన ఊగుడు కోసం రాబోయే వాళ్ళందరి నీడ పోగొట్టే హక్కు మనకి ఉందంటే నాకు నమ్మబుద్ధి కాదు. అందుకే కంచె వేయొచ్చు అంటాను. కానీ కంచె ఎంతకాలమో, లోపలికి ఎంత దూరం వెళ్ళొచ్చో ఆ నీడలో పెరిగిన ఊరివాళ్ళని కూర్చోబెట్టి అడగాలి. మొక్కు ఉన్న ముసలమ్మకీ, సెల్ఫీ కోసం వచ్చినవాడికీ ఒకే తాళం వేస్తే అది సులువైన పని, న్యాయమైన పని కాదు.

ఇదంతా దూరపు చెట్టు సంగతి కాదు. మా బంధుగాం వైపు సంత రోజున ముసలి చింతచెట్ల నీడలోనే బేరాలు. టార్పాలిన్ తాళ్ళు చెట్టుకే కడతారు, బ్యానర్లకి మేకులు చెట్టుకే కొడతారు. గౌరవమని చుట్టూ సిమెంటు గట్టు కడితే మొదట్లోకి వాననీరు కూడా దిగదు. మేకులు ఈరోజే మానేయొచ్చు, ఎవరికీ నష్టం లేదు. తాళ్ళ మాట అలా కాదు. కొండ దిగి తెల్లారకముందే గంప మోసుకొచ్చిన మనిషిని చెట్టు కింద నుంచి లేవమనాలంటే, ఆమె ఎండలో ఎక్కడ కూర్చోవాలో కూడా మనమే చెప్పాలి.